సోలార్ రెండున్నర రూపాయలైతే నా బిల్లు ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: విజయవాడలో ఉంటాం. 2025 మే నెలలో మాకు 300 యూనిట్లు కాలింది, బిల్లు రెండు వేలు దాటింది. పేపర్లో చూస్తే సోలార్ కరెంటు యూనిట్ రెండున్నరకే దొరుకుతోందట, కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో మధ్యాహ్నం పూట అంతకంటే తక్కువట. ఆ లాభం మాదాకా ఎందుకు రావట్లేదు? సిమ్ కార్డు మార్చుకున్నట్టు కరెంటు కంపెనీని కూడా మార్చుకునే వీలిస్తే రేట్లు తగ్గుతాయా?

జవాబు:

విద్యుత్ శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యానండి. మొదట్లో లైన్లు, సబ్‌స్టేషన్లు. చివరి ఏడేళ్లు కరెంటు కొనే సెక్షన్. ఈ ప్రశ్న నాకు బయటివాళ్లకంటే ముందు మా ఆవిడే వేసింది, బిల్లు చేతిలో పట్టుకుని మరీ. కాబట్టి ముందు మీ బిల్లు విప్పి చూద్దాం.

ఆంధ్రలో ఇళ్లకి మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా మూడు రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా ఆరు, 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. ఈ శ్లాబుల ప్రకారం మీ 300 యూనిట్లకి రూ.1,673 అవుతుంది. సగటున యూనిట్‌కి ఐదున్నర చిల్లర. కిలోవాట్‌కి పది రూపాయల స్థిర ఛార్జీ, ఇంధన సర్దుబాటు (కరెంటు కొనే ఖర్చు అంచనా దాటితే నెలనెలా వేసేది) కింద యూనిట్‌కి 40 పైసల చొప్పున రూ.120 కలిపినా పద్దెనిమిది వందల చిల్లర దగ్గరే ఆగుతుంది. ఆ పైన ఉన్నదంతా చాలావరకు పాత బాకీ. 2022-23లో, 2023-24లో మీరు వాడిన కరెంటుకి (అద్దె ఇల్లయితే మీకంటే ముందున్నవాళ్లు వాడినదానికి) ఆ మే బిల్లులో కట్టారు. మొదటి ఏడాది తాలూకు రూ.6,072 కోట్లని 2024 డిసెంబరు నుంచి 15 నెలల్లో, రెండో ఏడాది తాలూకు రూ.9,412 కోట్లని 24 నెలల్లో వసూలు చేసుకోమని రేట్లు ఖరారు చేసే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) అనుమతిచ్చింది. అద్దెకున్నవాళ్ల కోపం న్యాయమైనదే. బాకీ సర్వీసు నంబరుని పట్టుకుని వస్తుంది, మనిషిని పట్టుకుని రాదు.

ఇంత బాకీ ఎలా పుట్టిందో చెప్తే మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంటుంది.

2022 మార్చి గుర్తుందా? ఎండలు ముందే ముదిరాయి. కోవిడ్ తర్వాత ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారి ఊపందుకున్నాయి. దేశంలో బొగ్గు నిల్వలు అడుగంటాయి, బయటి బొగ్గు కొందామంటే ఉక్రెయిన్ యుద్ధంతో దాని ధర ఆకాశంలో ఉంది. సాయంత్రం ఏడు గంటలకి మా స్క్రీను మీద ఎక్స్ఛేంజి ధర యూనిట్‌కి 20 రూపాయలు చూపించింది. నేను రోజూ రాసుకునే నోట్‌బుక్‌లో ముందు 2 అని రాసి, కళ్లద్దాలు సర్దుకుని పక్కన సున్నా చేర్చాను. ఆ ధరకి బిడ్ వేసినా అడిగినంత దొరికేది కాదు, ఎందుకంటే పక్క రాష్ట్రాలన్నీ అదే బిడ్ వేసి కూర్చున్నాయి.

ఏప్రిల్ మొదట్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఎక్స్ఛేంజి ధరకి 12 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. జరిగిందేమిటంటే, చాలా బ్లాకుల్లో (ఎక్స్ఛేంజిలో రోజుని పావుగంట ముక్కలు చేస్తారు, ఒక్కోటి ఒక బ్లాకు) ధర వెళ్లి సరిగ్గా 12 దగ్గరే కూర్చుంది, కరెంటు మాత్రం పెరగలేదు. విదేశీ బొగ్గు మీద నడిచే ప్లాంట్లకి ఆ ధర గిట్టుబాటు కాక ఉత్పత్తి ఆపేసుకున్నాయి. చివరికి మే 5న కేంద్రం విద్యుత్ చట్టంలోని సెక్షన్ 11 వాడి, ఆ ప్లాంట్లు నడిచి తీరాలని ఉత్తర్వు ఇచ్చింది. ఈలోపు ఏప్రిల్ 8 నుంచి మన రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడే ప్రకటించారు. చిన్న చిన్న షెడ్లు నడుపుకునేవాళ్లు ఆ రెండు వారాలూ ఎంత నలిగిపోయారో నాకు తెలుసు, వాళ్ల ఫోన్లు ఎత్తింది నేనే.

అప్పుడు అంత ఖరీదు పెట్టి కొన్న కరెంటుని మీకు మాత్రం నాలుగున్నర, ఆరు రూపాయలకే ఇచ్చాం. తేడా ఎవరు పెట్టుకున్నారు? డిస్కంలు, అంటే మీకు కరెంటు అమ్మే పంపిణీ సంస్థలు, అప్పు తెచ్చాయి. లెక్కలు తేలడానికి, విచారణలు జరగడానికి రెండేళ్లు పట్టింది. ఆ పైన అది మీ బిల్లు మీద వచ్చి కూర్చుంది. సూపర్‌బజార్‌లో 2022లో కొన్న కందిపప్పుకి ఇప్పుడు ఫోన్ చేసి ఇంకో ముప్పై రూపాయలు కట్టమన్నట్టు ఉంటుంది వినేవాడికి. నా దృష్టిలో మన కరెంటు మార్కెట్‌కి ఉన్న అన్నిటికంటే పెద్ద జబ్బు ఇదే. ధర పెరగడం కంటే ఆ సంగతి రెండేళ్లు ఆలస్యంగా చెప్పడం ఎక్కువ చేటు చేస్తుంది. అప్పుడే తెలిసుంటే మీరు ఆ నెల గీజరో, రెండో ఏసీనో తగ్గించేవారు.

నెలనెలా 40 పైసల దాకా సర్దుబాటు వసూలు చేసే పద్ధతి 2023 ఏప్రిల్ నుంచి వచ్చింది అందుకే. దాన్ని తిట్టనివాళ్లు లేరు గానీ నేను సమర్థిస్తాను. బాకీ నెలలోనే తేలిపోతుంది, వడ్డీ పెరగదు. ఎక్కువ వసూలైతే వెనక్కి కూడా వస్తుంది. 2024-25 లెక్కల్లో రూ.923 కోట్లు ఎక్కువ తీసుకున్నారని తేలి, 2025 నవంబరు నుంచి యూనిట్‌కి 13 పైసల చొప్పున తగ్గించమని ఈఆర్సీ చెప్పింది. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు.

ఇక సోలార్ రెండున్నర సంగతి.

మీరు చూసే ఎక్స్ఛేంజి ధర దేశంలో వాడే కరెంటులో నూటికి ఏడెనిమిది యూనిట్లకే వర్తిస్తుంది. మిగతాదాంట్లో చాలా భాగం ఇరవై, పాతికేళ్ల ఒప్పందాల మీద వస్తుంది, పీపీఏ అంటారు. బొగ్గు ప్లాంటుతో పీపీఏ అంటే పిల్లవాడికి స్కూల్ ఆటో మాట్లాడుకోవడం లాంటిది. వాడు జ్వరమొచ్చి పది రోజులు బడి మానేసినా నెల డబ్బులు ఇవ్వాల్సిందే. ఆ నెల డబ్బులే స్థిర ఛార్జీ. ఆటో నడిచిన రోజు పెట్రోలు ఖర్చు వేరుగా ఇస్తే అది చర ఛార్జీ, అంటే బొగ్గు ఖర్చు. మధ్యాహ్నం ఎక్స్ఛేంజిలో కరెంటు రెండు రూపాయలకి దొరుకుతోందంటే మేం బొగ్గు ప్లాంటుని తగ్గించుకోమని చెప్పి (దీన్ని బ్యాకింగ్ డౌన్ అంటాం) ఆ చవక కరెంటు కొంటాం. బొగ్గు డబ్బులు మిగులుతాయి, స్థిర ఛార్జీ మాత్రం మిగలదు. కాబట్టి రెండు రూపాయల కరెంటు నిజానికి రెండు రూపాయలకి రాదు.

అలాగని పీపీఏలు వద్దనుకుంటే సాయంత్రం ఏడింటికి సూర్యుడు ఉండడు. వాన కురుస్తుంటే బస్టాండు బయట ఆటోవాడు చెప్పిన రేటుకి ఎక్కాల్సి వస్తుంది చూడండి, అదీ మన పరిస్థితి. ఎక్స్ఛేంజి ధరకి ఇప్పుడు పరిమితి 10 రూపాయలు. ఎండాకాలం సాయంత్రాల్లో ధర ఆ పదిని ముట్టుకోవడం మామూలే. అదే ఎక్స్ఛేంజిలో మధ్యాహ్నం పన్నెండింటికి రూపాయి చిల్లరకి పడిపోయిన రోజులూ ఉన్నాయి. 2025 మేలో వానలు ముందే వచ్చేసినప్పుడు ఇలాంటివి బాగా చూశాం. రోజుకి 96 బ్లాకులు, ఒక్కోటి పావుగంట. ప్రతి బ్లాకుకి వేరే ధర. మీ మీటరుకి మాత్రం ఈ 96 బ్లాకులూ ఒకటే.

పాత ఒప్పందాల బరువు ఇంకోటుంది. గాలి కరెంటుకి యూనిట్‌కి రూ.4.84 చొప్పున, తొలినాటి సోలార్‌కి ఆరున్నర దాకా పాతికేళ్లకి రాసుకున్నవి ఇప్పటికీ నడుస్తున్నాయి. రాసుకున్న రోజున అవి చవకే. 2010 ప్రాంతంలో సోలార్ అంటే పది రూపాయల పైమాట. తర్వాత పలకల ధరలు పడిపోయాయి, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99కి దిగింది. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాలని తిరగదోడబోయింది. మూడేళ్లు కోర్టుల్లో నడిచి, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న రేటే కట్టమంది. ఈ మధ్యలో అప్పులిచ్చే బ్యాంకులకి మన రాష్ట్రం పేరు చెప్తే టెన్షన్ పట్టుకుంది. ఎక్కువ రేటుకి రాసుకోవడం ఒక తప్పయితే, సంతకం పెట్టాక చెరిపేస్తామనడం ఇంకో తప్పు. దాని ఖరీదు తర్వాతి ఒప్పందాల్లో వడ్డీ రూపంలో కడతాం.

ఇక సిమ్ కార్డు ప్రశ్న. 2022 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో ఉన్నది ఇదే: ఒకే తీగల మీద ఇద్దరు ముగ్గురు డిస్కంలు కరెంటు అమ్మొచ్చు. అది స్థాయీ సంఘానికి వెళ్లింది. 2025 అక్టోబరులో ఇలాంటి ఆలోచనతోనే మళ్లీ ముసాయిదా వచ్చింది.

మన దేశంలోనే దీన్ని చూడొచ్చు. ముంబయి శివార్లలో 2009 తర్వాత వినియోగదారులు ఒక కంపెనీ తీగల మీదే ఇంకో కంపెనీ కరెంటు కొనుక్కునే వీలు వచ్చింది. లక్షల మంది మారారు. మారినవాళ్లు పోగా మిగిలినవాళ్ల మీద భారం పడుతోందని తర్వాత మారినవాళ్ల మీద సర్‌ఛార్జీ వేశారు. అంతే, మారడంలో ఉన్న రుచి తగ్గిపోయింది. మన దగ్గరయితే ఎవరు మారతారో ఊహించండి. నెలకి 400 యూనిట్లు దాటి రూ.9.75 కట్టే బెంజ్ సర్కిల్ అపార్టుమెంట్లని అన్ని కంపెనీలూ పిలుస్తాయి. తిరువూరు దగ్గర చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటారుని ఎవరు పిలుస్తారు? ఆ రైతు పాత డిస్కం దగ్గరే ఉంటాడు, ఎక్కువ రేటు కట్టి అతని ఖర్చు మోసే మీరు మాత్రం వెళ్లిపోతారు.

మా మేనల్లుడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. టెక్సస్‌లో కరెంటు కంపెనీని నిజంగా సిమ్ లాగే మార్చుకోవచ్చు. అక్కడ మన తెలుగువాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ప్లాన్లు పోల్చుకుంటూ ఉంటారు. మామూలు రోజుల్లో యూనిట్ పదకొండు, పన్నెండు సెంట్లు. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చి గ్యాస్ బావులు, పైపులు గడ్డకట్టాయి, ప్లాంట్లు ఆగిపోయాయి. హోల్‌సేల్ ధర మెగావాట్-అవర్‌కి (అంటే వెయ్యి యూనిట్లకి) 9,000 డాలర్ల పరిమితిని తాకి నాలుగు రోజులు అక్కడే ఉంది. యూనిట్‌కి తొమ్మిది డాలర్లు, అప్పటి లెక్కలో ఆరువందల యాభై రూపాయలు. నెలకి పది డాలర్ల ఫీజు తీసుకుని హోల్‌సేల్ ధరకే కరెంటు ఇచ్చే ఒక కంపెనీ ఉండేది. ఆ ప్లాన్‌లో ఉన్నవాళ్లకి వారం రోజులకి వేల డాలర్ల బిల్లు వచ్చింది. మావాడిది ఫిక్స్‌డ్ ప్లాన్ కాబట్టి బిల్లు గొడవ లేదు గానీ, రెండు రోజులు కరెంటు లేక పిల్లల్ని కార్లో కూర్చోబెట్టి హీటర్ వేసుకున్నారట. ఆ తుపానులో టెక్సస్‌లో 246 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క.

అక్కడి మార్కెట్ అబద్ధం చెప్పిందని నేననను. కరెంటు లేదు కాబట్టి ధర అంత పలికింది. కానీ చలికి వణుకుతున్నవాడికి ఆ ధర ఏం చెప్పగలదు? హీటర్ ఆపెయ్యమనా? ఇళ్లకి ధర తెలియాలి, కానీ మునిగిపోయేంత కాదు. అందుకే హోల్‌సేల్ ధరని నేరుగా ఇంటి మీటరుకి కట్టే పద్ధతికి నేను వ్యతిరేకిని.

యూరప్ కథ ఇంకో రకం. అక్కడ ప్రతి బ్లాకుకీ చివరగా అవసరమైన ప్లాంటు అడిగిన ధరే అందరికీ దక్కుతుంది. మన ఎక్స్ఛేంజిలోనూ సూత్రం అదే. కాకపోతే మనకది నూటికి ఏడెనిమిది యూనిట్లు, వాళ్లకి రిటైల్ ధరలు చాలావరకు దాన్ని పట్టుకునే నడుస్తాయి. చివరి ప్లాంటు సాధారణంగా గ్యాస్‌ది. 2022 ఆగస్టులో అక్కడ గ్యాస్ మెగావాట్-అవర్‌కి 300 యూరోలు దాటితే, నీళ్ల కరెంటు, గాలి కరెంటు అమ్మేవాళ్లకి కూడా ఆ గ్యాస్ ప్లాంటు అడిగిన ధరే దక్కింది. జనం గగ్గోలు పెట్టారు. దాని ఫలితంగా 2024లో యూరోపియన్ యూనియన్ చట్టం మార్చుకుంది. కొత్త గాలి, సోలార్, అణు ప్లాంట్లకి ప్రభుత్వం సాయం చేస్తే రెండువైపులా పనిచేసే దీర్ఘకాల ఒప్పందం ఉండాలి: మార్కెట్ ధర తగ్గితే ప్లాంటుకి తేడా ఇస్తారు, పెరిగితే ప్లాంటే తిరిగి ఇస్తుంది. చూడగానే నాకు నవ్వొచ్చింది. ఇది మన పీపీఏకి దూరపు చుట్టం. వాళ్లు మన వైపుకి నడుస్తుంటే మనం వాళ్లు వదిలేస్తున్న చోటుకి వెళ్దామంటున్నాం.

ఆ యూరప్ గ్యాస్ మంట మన గోదావరి జిల్లాల్నీ తాకింది. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని డీ6 క్షేత్రం గ్యాస్ 2009లో మొదలైనప్పుడు దాన్ని నమ్ముకుని వేమగిరి, జేగురుపాడు చుట్టుపక్కల వేల మెగావాట్ల ప్లాంట్లు సిద్ధమయ్యాయి. రెండు మూడేళ్లలోనే ఉత్పత్తి కుప్పకూలింది. కాళ్ల కింద పైపులుండీ ప్లాంట్లు మూతపడ్డాయి. 2022లో దిగుమతి గ్యాస్‌తోనైనా సాయంత్రం పూట నడుపుదామంటే యూరప్ అంతకు రెట్టింపు ఇచ్చి ఓడల్ని మళ్లించుకుంది. ఆ దారిలో వెళ్లినప్పుడల్లా పొగ లేని ఆ చిమ్నీలు చూసి బాధేస్తుంది.

మరి ఏం మార్చాలి అంటారా? ఈ మధ్య పేపర్లలో మార్కెట్ కప్లింగ్ గురించి చాలా వచ్చింది. మూడు ఎక్స్ఛేంజీల బిడ్లని కలిపి ఒకే ధర తేల్చడం. 2025 జులైలో ఉత్తర్వు రాగానే పెద్ద ఎక్స్ఛేంజి షేరు ఒక్కరోజులో దాదాపు 30 శాతం పడింది. షేర్లున్నవాళ్లకి అది పెద్ద వార్తే. మీ బిల్లులో దాని వల్ల పైసా తేడా కనిపిస్తే నాకు చెప్పండి.

నాకు నమ్మకమున్నది కరెంటు వాడే గంటని జరపడం మీద. దీన్ని మన రాష్ట్రం ఇప్పటికే ఒకచోట చేసి చూపించింది. ఒకప్పుడు వ్యవసాయానికి కరెంటు రాత్రి ఇచ్చేవాళ్లం. మిగులు అప్పుడే ఉండేది మరి. అర్ధరాత్రి మోటారు వేయడానికి పొలం వెళ్లి పాము కరిచో, తడి స్టార్టర్ ముట్టుకునో పోయినవాళ్లని నేను లైన్‌ ఇన్‌స్పెక్షన్లలో చూశాను. ఆ తర్వాత పొలాలకి వెళ్లే లైన్లు (ఫీడర్లు) విడదీసి పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వడం మొదలుపెట్టారు. రైతు ప్రాణం కోసం చేసిన పని, సోలార్ పెరిగాక చవక గంటల్లో వాడకంగా మారింది. ఇంత పెద్ద లోడుని ఏ ధర సంకేతమూ లేకుండా ఎండలోకి జరిపారు. దాన్ని ఎవరూ మార్కెట్ సంస్కరణ అనలేదు గానీ, నేను చూసినవాటిలో అదే పెద్దది.

ఇళ్లకి కూడా ఇదే రావాలి. 2023 జూన్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం సోలార్ గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ, పీక్‌లో, అంటే వాడకం ఎక్కువుండే గంటల్లో, ఎక్కువ ఉండాలి. ఏ గంటలో ఎంత వాడారో లెక్కపెట్టే స్మార్ట్ మీటరు ఉంటేనే అది కుదురుతుంది. మీటరు మీద జనానికి అనుమానాలున్నాయి, కాదనను. అయితే తగ్గింపు ముందు ఇచ్చి పీక్ ధర తర్వాత పెడితే జనం వాళ్లంతట వాళ్లే మీటరు అడుగుతారు. మన వాళ్లు చేసేది ఎప్పుడూ తలకిందులుగానే.

రెండోది, మధ్యాహ్నపు కరెంటుని సాయంత్రానికి దాచడం. ఇది మనకి కొత్త విద్య కాదు. నాగార్జునసాగర్‌లో ఏడు టర్బైన్లు వెనక్కి తిప్పితే నీళ్లు పైకి తోడతాయి, శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్లవి ఆరున్నాయి. సాగర్‌లో కింద నీళ్లు ఆపే టెయిల్ పాండ్ లేక దశాబ్దాలు ఆ సౌకర్యం పడుకుంది. ఇప్పుడు కర్నూలు పక్కన పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టారు. బ్యాటరీల ధరలూ దిగుతున్నాయి. ఇక ముందు రాసుకునే పీపీఏలు బొగ్గు మీద కాకుండా సాయంత్రపు ఆ నాలుగైదు గంటలకి దాచిన కరెంటు మీద రాసుకుంటే, మీ పిల్లల బిల్లులో ఆ తేడా కనిపిస్తుంది. మీ బిల్లులో అంటే అబద్ధమవుతుంది.

మీరు ఇప్పుడు చేయగలిగింది కొంత ఉంది. సొంత ఇల్లయితే మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్‌కి కేంద్రం రూ.78,000 దాకా సబ్సిడీ ఇస్తోంది. మీ వాడకానికి అది సరిపోతుంది, దాంతో మీ బిల్లులో ముందు తగ్గేవి రూ.8.75 శ్లాబులోని యూనిట్లే. అద్దె ఇల్లయితే 2022-24 బాకీ తాలూకు లైన్లు వేరుగా చూసి, ఆ రోజుల్లో మీరు లేరని అగ్రిమెంటు చూపించి ఓనరుతో మాట్లాడండి. డిస్కం వినదు, ఓనరు వినొచ్చు. ఇక ఆ రెండు బాకీల్లో మొదటిది 2026 ఫిబ్రవరి బిల్లుతో, రెండోది అదే ఏడాది నవంబరుతో అయిపోవాలి. ఆ తర్వాత కూడా ఆ లైను కనిపిస్తే బిల్లు పట్టుకుని మీ సెక్షన్ ఏఈ దగ్గరికి వెళ్లి అడగండి. ఫోన్లో అడిగితే పని కాదు, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే.